పదేళ్లు దాటిన పికప్ కొనొచ్చా? ఇచ్ఛాపురం బండా, కోరాపుట్ బండా – బళ్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

రాయగడ సంత
అందరికీ నమస్కారం. మాది రాయగడ. అల్లం, పసుపు, చింతపండు సంతల్లో కొని పార్వతీపురం, విజయనగరం పంపే వ్యాపారం, నాన్న హయాం నుంచి ఉన్నదే. ఇన్నాళ్లూ కిరాయి బళ్లతోనే నెట్టుకొచ్చాం గానీ సీజన్లో బండి దొరక్క సరుకు సంతలోనే మెత్తబడిపోతోంది, కిరాయి కూడా వాళ్లు ఎంత చెప్తే అంత. అందుకని పాత పికప్ ఒకటి కొందామని. రెండు బళ్లు చూపించారు. ఒకటి ఇచ్ఛాపురంలో బొలెరో పికప్, 2015 రిజిస్ట్రేషన్, ఏపీ-30 నంబరు, నాలుగు లక్షల ఇరవై చెప్తున్నారు. రెండోది కోరాపుట్‌లో టాటా 207 డీఐ, 2013, ఓడీ-10, మూడు లక్షల అరవై. ఇచ్ఛాపురం బండి చూడ్డానికి కొత్త పెళ్లికూతురిలా ఉంది, పెయింటు మెరుస్తోంది, మీటరు లక్షా పది వేలు. కోరాపుట్ బండి మొహం చూడబుద్ధి కాదు, డాలా (వెనక సరుకు వేసే ట్రాలీ) సొట్టలు, మీటరు ఎప్పుడో ఆగిపోయింది. ఇంట్లో అందరూ మొదటిదే అంటున్నారు. నాకు బండి నడపడం వచ్చు, లోపలి సంగతులు తెలీవు. మాకు వారంలో నాలుగైదు రోజులు ఘాట్ ఎక్కి దిగాలి, అది గుర్తుపెట్టుకుని చెప్పండి.

సాలూరు ఘాట్ డ్రైవర్
రెండు బళ్లూ ఇన్నాళ్లూ ఏం లోడ్ కొట్టాయి? ముందు అది కనుక్కో తమ్ముడూ. మీటరు, మోడల్ తర్వాత.

రాయగడ సంత
అన్నా, ఇచ్ఛాపురం బండి చేపల లోడ్ అట, తీరం నుంచి బరంపురం మార్కెట్‌కి. కోరాపుట్‌ది ఒక హార్డ్‌వేర్ షాపు వాళ్లది, సిమెంటు, ఇనుము, తర్వాత సెమిలిగుడ నుంచి అల్లం కూడా వేశారంట.

సోంపేట తీరం
చేపల బండి అన్నావు కాబట్టి చెప్తున్నా, ఇది పూర్తిగా చదువు. నేను ఈ తీరంలోనే పుట్టాను, ఇక్కడి బళ్లు ఎలా పోతాయో రోజూ చూస్తాను.

చేపల పెట్టెల్లో ఐసు కరిగిన నీళ్లు ఉప్పు నీళ్లే. అవి ట్రాలీ అడుగున సందుల్లోంచి కారి ఎక్కడికి పోతాయి? ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) మీదకి. వెనక కట్టల (స్ప్రింగు పట్టీల) మధ్యలోకి, హౌసింగ్ (వెనక ఇరుసు డొక్కు) మీదుగా వెళ్లే బ్రేకు పైపుల మీదకి, డీజిల్ ట్యాంకు పట్టీల మీదకి. పైగా సముద్రపు గాలి ఎలాగూ ఉంది. రాత్రి బండి పెట్టి పొద్దున వస్తే అద్దం మీద ఉప్పు పొర వేలికి అంటుకుంటుంది, అదే పొర కింద ఇనుముకీ అంటుకుంటుంది కదా. ట్రాలీకి కొత్త రేకు కొట్టించి, కేబిన్‌కి పెయింటు కొట్టించి, ఛాసిస్‌కి దట్టంగా నల్లరంగు పూసేస్తారు. ఆ నల్లరంగు చూసి శుభ్రంగా ఉందనుకుంటే పని అయిపోయినట్టే.

నువ్వు చెయ్యాల్సింది ఇదీ. బండి ఎత్తు మీదో ర్యాంపు మీదో పెట్టించు, లేదంటే చాప వేసుకుని కిందకి దూరు. చేతిలో చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు ఉండాలి. కేబిన్ వెనక నుంచి మొదలుపెట్టి వెనక కట్టల బ్రాకెట్ దాకా జానెడుకొక దెబ్బ కొట్టుకుంటూ పో. మంచి ఇనుము టంగుమని మోగుతుంది. మధ్యలో ఎక్కడైనా డబ్‌మని మూగగా వచ్చిందంటే అక్కడ స్క్రూడ్రైవరుతో గట్టిగా గీకు. రంగు పెచ్చులా లేచి కింద పొరలు పొరలుగా తుప్పు రాలితే ఆ బండి వదిలెయ్. రివెట్ల చుట్టూ ఎర్రటి పొడి కనబడినా అంతే, రివెట్టు వదులై కదులుతోందని అర్థం.

విజయనగరం ట్రాన్స్‌పోర్ట్
పదేళ్ల బండి జోలికి ఎందుకు అసలు? డౌన్ పేమెంట్ కట్టి కొత్తది తీసుకోండి. షోరూం వారంటీ, రాత్రి నిద్ర. ఘాట్లో ఆగిపోతే సరుకుతో పాటు మనిషీ ఆగిపోతాడు.

రాయగడ సంత
అన్నా, మా వ్యాపారం ఏడాదిలో సగం రోజులే. సీజన్ అయ్యాక బండి ఇంటి ముందు నిలబడుతుంది, వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తుంది. సొంత డబ్బుతో పాతది కొంటే నిలబడ్డా ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు.

విజయనగరం ట్రాన్స్‌పోర్ట్
అది నిజమే. సీజన్ వ్యాపారానికి వాయిదా బరువు. అయితే బేరం ఆడేటప్పుడు బండి ధర ఒక్కటే చూడొద్దు, కొన్న నెలలో పెట్టాల్సిన రిపేరు డబ్బు పక్కన ఉంచుకునే వెళ్లు. చేతిలో ఉన్నదంతా బండికే పోస్తే మొదటి క్లచ్ ప్లేటుకే అప్పు చెయ్యాల్సి వస్తుంది.

బొబ్బిలి షెడ్డు
ఇంజిన్ సంగతి నేను చెప్తాను, ఛాసిస్ గురించి సోంపేట వారు సరిగ్గా చెప్పారు.

అమ్మేవాడికి నువ్వు వచ్చే టైము చెప్పావా, నువ్వు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటుంది. వేడి ఇంజిన్ చాలా రోగాలు దాచేస్తుంది. రాత్రే ఆ ఊరు చేరుకుని పొద్దున్నే వెళ్లు, బానెట్ తీసి ఇంజిన్ మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయించు. కోరాపుట్‌లో చలి పొద్దులు ఈ పరీక్షకి బాగా పనికొస్తాయి, కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే ఒత్తిడి) పోయిన డీజిల్ ఇంజిన్ ఆ చలికి తేలిగ్గా అందుకోదు. చాలాసేపు సెల్ఫ్ తిప్పితే గానీ అందుకోకపోతే, అందుకున్నాక తెల్లపొగ కక్కుతూ ఒక కాలు కుంటినట్టు కొట్టుకుంటే జాగ్రత్త. స్టార్ట్ అయిన కాసేపు కొద్దిగా తెల్లపొగ వచ్చి పోతే పర్వాలేదు. పోకుండా వస్తూనే ఉంటే నాజిల్స్ (ఇంజిన్లోకి డీజిల్ చిమ్మేవి) గానీ కంప్రెషన్ గానీ, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ గానీ. నీలంపొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ అన్నిసార్లూ చావు కబురు కాదు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా వస్తుంది, టర్బో గొట్టం చిరిగినా వస్తుంది, ఆ రెండూ చిన్న పనులే.

తర్వాత ఇంజిన్ ఐడిల్‌లో (రేస్ ఇవ్వకుండా) ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి, తీసెయ్యకుండా అదే రంధ్రం మీద బోర్లించి వదిలెయ్. కొద్దిగా వణికితే పర్లేదు. ఎగిరి పక్కన పడిపోయి, రంధ్రంలోంచి గుప్పుగుప్పున పొగ కొడితే ఇంజిన్ బోరుకొచ్చిందన్నమాట, అంటే లోపల సిలిండర్లు, రింగులు అరిగాయి. ఆయిల్ కొలిచే గేజి కూడా తీసి చూడు, అక్కడి నుంచీ పొగ వస్తుంది. టర్బో ఉన్న ఇంజిన్లలో కొంచెం ఊపిరి మామూలే, అది చూసి కంగారు పడొద్దు.

ఆయిల్ నల్లగా ఉందని భయపెట్టేవాళ్లు ఉంటారు. డీజిల్ ఇంజిన్లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, దానికి అర్థం లేదు. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటేనే లోపల నీళ్లు కలిసినట్టు. అసలు అనుమానించాల్సింది చిక్కటి కొత్త ఆయిల్. అమ్మే ముందు మందం ఆయిల్ పోస్తే పొగ తగ్గుతుంది, శబ్దం తగ్గుతుంది. అందుకే బాగా తిప్పి, వేడెక్కాక, ఐడిల్‌లో ఆయిల్ లైటు మినుకుమంటోందా చూడాలి. మినుకుమంటే బేరింగులు అరిగాయి.

రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తియ్యి, వేడిగా ఉంటే మొహం కాలిపోతుంది. నీటి మీద నూనె తెట్టు ఉందా, రేస్ ఇస్తే బుడగలు వస్తున్నాయా చూడు. మూత పెట్టి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపట్లోనే పై హోసు రాయిలా గట్టిపడిపోతే హెడ్ గ్యాస్కెట్ పోయింది, లోపలి మంట ఒత్తిడి నీళ్లలోకి వస్తోంది. ఘాట్ ఎక్కే బండికి ఇది ఒక్కటి చాలు, మధ్యలో ఉడికిపోతుంది.

జయపురం పంపు పని
బొబ్బిలి గారి మాటకి ఒక్కటి కలుపుతాను. బండి బీఎస్-3నా, బీఎస్-4నా (పొగ కాలుష్యం లెక్క) అన్నది సీ బుక్‌లో (ఆర్‌సీలో) చూసుకోండి, ఆ తర్వాత ఇంజిన్ దగ్గర డీజిల్ పంపు ఏదో కళ్లతో చూడండి. దేశమంతా బీఎస్-3 బళ్ల అమ్మకం ఆగింది 2017 ఏప్రిల్ 1న. అంతకు ముందు మన ఏజెన్సీ రోడ్ల మీద తిరిగిన గూడ్స్ బళ్లలో చాలావాటికి మెకానికల్ పంపే. అది పాడైతే మా లాంటి షాపులో విప్పి, కిట్ మార్చి, బెంచి మీద సెట్ చేసి ఇచ్చేస్తాం. కామన్ రైల్ (కంప్యూటర్‌తో డీజిల్ కొట్టే రకం) అయితే స్కానర్ కావాలి, నాజిల్ టెస్ట్ బెంచి కావాలి, అవి జయపురం, విజయనగరం లాంటి చోట్లే. కామన్ రైల్ చెడ్డదని నేను అనను, సైలెంటుగా, డీజిల్ తక్కువ తాగుతూ నడుస్తుంది. కానీ డీజిల్లో నీళ్లు, చెత్త అస్సలు తట్టుకోదు. లోపల ఊళ్లలో డ్రమ్ముల్లో తెచ్చి అమ్మే డీజిల్ పోసిన కామన్ రైల్ బండి అయితే నాజిల్స్ రిటర్న్ టెస్ట్ చేయించకుండా కొనొద్దు. నాలుగు నాజిల్స్ రిటర్న్ గొట్టాలకీ నాలుగు చిన్న సీసాలు తగిలించి కాసేపు ఇంజిన్ నడిపిస్తారు. ఏ సీసాలో ఎక్కువ డీజిల్ వచ్చి పడితే ఆ నాజిల్ లోపల అరిగిందని లెక్క. మెకానిక్‌కి చెప్తే అక్కడికక్కడే చేసేస్తాడు.

సాలూరు ఘాట్ డ్రైవర్
ఇప్పుడు నేను చెప్తాను. ఖాళీ బండి టౌన్లో రెండు వీధులు తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు. సాలూరు, కోరాపుట్ మధ్య సుంకి ఘాట్ ఎక్కని బండి గురించి ఏం తెలుస్తుంది? కోరాపుట్ బండి అయితే ఇంకా తేలిక, అక్కడి నుంచి సాలూరు వైపు దిగి మళ్లీ ఎక్కమను, వీలైతే కనీసం సగం లోడ్ వేసి.

ఎక్కేటప్పుడు చూడాల్సింది క్లచ్. రేస్ పెరుగుతుంది గానీ బండి ముందుకు లాగదు, కాలిన వాసన వస్తుంది, అదీ క్లచ్ జారడం. ఇంటి దగ్గరే తెలుసుకోవాలంటే హ్యాండ్ బ్రేకు వేసి, టాప్ గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదులు. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయింది. ఒక్కసారి చేస్తే చాలు, పదే పదే చేస్తే నువ్వే కాల్చేస్తావ్.

దిగేటప్పుడు గేర్లు చూడాలి. ఎక్కిన గేరులోనే దిగాలని మనందరికీ తెలుసు కదా, అలా దిగుతూ కాలు యాక్సిలరేటర్ మీంచి పూర్తిగా తీసెయ్. గేరు రాడ్డు వణికి న్యూట్రల్‌కి ఎగిరిపోతే గేరు బాక్సు విప్పాల్సిందే. ఘాట్లో దిగేటప్పుడు గేరు ఎగరడమంటే బ్రేకు ఒక్కటే దిక్కు, ఆ బ్రేకు డ్రమ్ములు అప్పటికే వేడెక్కి ఉంటాయి. అలాంటి బండి ఎంత చవకైనా నాకు వద్దు.

హౌసింగ్ కూత కూడా విను. లాగుతున్నప్పుడు ఒకలా, వదిలేసినప్పుడు ఇంకోలా కూస్తుంది. హౌసింగ్ లోపలి పళ్ల చక్రాలు, అదే క్రౌన్ పినియన్, అరిగితే ఆ కూత స్పీడుతో పాటు పెరుగుతూ పోతుంది. టక్‌మని దెబ్బలా వస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ క్రాసులు చూడు, అవి చిన్న ఖర్చు.

బ్రేకు బూస్టరు పరీక్ష: ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కు, గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని స్టార్ట్ చెయ్. పెడల్ కొంచెం కిందకి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ రావట్లేదు. దిగి దిగి నేలకి ఆనితే మాస్టర్ సిలిండరు లోపల లీకు.

ఇంకోటి, ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపు. ఆట ఉంటే ఎవరినైనా బ్రేకు తొక్కమని మళ్లీ ఊపు. అప్పుడు ఆట పోతే అది హబ్ బేరింగు, తక్కువలో పోతుంది. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్ పిన్నో బాల్ జాయింటో అరిగింది.

పర్లాకిమిడి కాగితాలు
మెకానిక్‌లు బండి చూస్తారు, నేను కాగితాలు చూస్తాను. సరిహద్దులో పాత బండి కొనేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

ఇచ్ఛాపురం బండి ఏపీ-30, మీది రాయగడ. అంటే శ్రీకాకుళం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి, అక్కడి టాక్స్, చలాన్లు క్లియర్ అవ్వాలి, రాయగడలో ఒడిశా టాక్స్ కట్టి ఫారం 27తో ఓడీ-18 నంబరు వేయించుకోవాలి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలు దాటి తిప్పకూడదు. ఏపీ నంబరుతోనే తిప్పుకోండి, ఎవరూ అడగరు అనే బ్రోకర్లు ఉన్నారు. యాక్సిడెంట్ జరిగినప్పుడు మాత్రం బండి ఎవరి పేరున ఉందో, పాలసీ ఎవరి పేరున ఉందో తప్పకుండా అడుగుతారు. కోరాపుట్ బండికి ఆ బాధ లేదు, నంబరు మారదు, ఫారం 29, 30తో పేరు మారితే చాలు.

బండి మీద ఫైనాన్స్ ఉంటే అది తీరిందని ఫారం 35, దాంతో పాటు ఫైనాన్స్ వాళ్ల లెటరు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫిట్‌నెస్, టాక్స్, ఇన్సూరెన్స్ తేదీలు, ఫైనాన్స్ పేరు, బ్లాక్‌లిస్ట్ ఉందా లేదా అన్నీ చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఫిట్‌నెస్ ఏడాదికోసారి. బండి వయసు పెరిగేకొద్దీ ఆ ఫీజు కూడా పెరుగుతుంది, ధర మాట్లాడేటప్పుడు అది కూడా లెక్కలో ఉండాలి. పదిహేనేళ్లకి తుక్కు చేసేస్తారనే భయం వద్దు, 2023 ఏప్రిల్ నుంచి ఆపేసింది ప్రభుత్వ బళ్లకి. మనవి ఫిట్‌నెస్ పాసైనన్నాళ్లు తిరుగుతాయి.

సీ బుక్‌లో గ్రాస్ వెయిట్ ఎంతుందో చూడండి. మూడు వేల కిలోలు దాటకపోతే గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. దాటితే ఏపీలోకి రావడానికి తగిన పర్మిట్ ఉండాలి.

ఇక అసలు విషయం. మన ఏఓబీ (ఆంధ్రా-ఒడిశా సరిహద్దు) దారుల్లో పికప్‌లు గంజాయి కేసుల్లో పట్టుబడుతుంటాయి, రేషన్ బియ్యంతో 6ఏ కేసుల్లో (నిత్యావసర సరుకుల చట్టం కింద జప్తు కేసులు) పట్టుబడుతుంటాయి. కేసు నడుస్తుండగా కోర్టు బాండు మీద విడిపించుకున్న బండిని మామూలుగా అమ్మకూడదన్న షరతు ఉంటుంది, తీర్పు వచ్చాక జప్తు కూడా కావచ్చు. యాప్‌లో ఇవన్నీ కనబడతాయని నమ్మకం లేదు. బండి ఊరి పోలీస్ స్టేషన్లో, అది ఎక్కువగా తిరిగిన దారిలోని స్టేషన్లో నంబరు ఇచ్చి అడగండి. నేరుగా వెళ్లి అడిగితే చెప్తారు.

సోంపేట తీరం
పర్లాకిమిడి గారూ, ఈ గంజాయి మాట చెప్పినందుకు దండం. దీని గురించి ఎవరూ మాట్లాడరు, పోయేది మాత్రం కొన్నవాడి డబ్బు.

రాయగడ సంత
అందరికీ థాంక్స్. ఇచ్ఛాపురం వెళ్లొచ్చాను. ముందు రోజు రాత్రే చేరుకుని పొద్దున్నే వెళ్లాను. ఇంజిన్ చల్లగానే ఉంది, ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. పొగ లేదు, మూత బోర్లిస్తే వణికింది గానీ పడలేదు. క్లచ్ బాగుంది. నేను దాదాపు ఓకే అనేసుకున్నాను.

తర్వాత కిందకి దూరాను. కేబిన్ వెనక అంతా టంగుమంది. వెనక కట్టల ముందు బ్రాకెట్ దగ్గర కుడివైపు మాత్రం శబ్దం మారింది. గీకితే నల్లరంగు బొటనవేలంత పెచ్చుగా లేచింది, దాని కింద రేకులు రేకులుగా తుప్పు, పక్కనే ఎవరో పలక పెట్టి వెల్డింగ్ కొట్టారు, వెల్డింగ్ అంచు వెంట వెంట్రుకంత గీత, గీతలో ఎర్రటి పొడి. ఫోటో తీశాను. హౌసింగ్ మీద బ్రేకు పైపు కూడా పొక్కులు పొక్కులుగా ఉంది. ఓనరు ఏమో అది మామూలే, ఇక్కడి బళ్లన్నిటికీ ఉంటుంది, ఇంకో పలక వేయిస్తే పదేళ్లు నడుస్తుంది, కావాలంటే నలభై వేలు తగ్గిస్తానంటున్నాడు. ఇంజిన్ ఇంత బాగుంది కదా, పలక వేయించుకుంటే సరిపోదా?

బరంపురం బాడీ షాపు
తుప్పు ఉన్నంత మేర కోసి, మంచి ఛానెల్ లోపలి నుంచి అమర్చి రివెట్లు కొట్టించుకుంటే బండి నిలబడుతుంది. మేం చేస్తుంటాం. అంతా పారేయాల్సిన పని లేదు.

బొబ్బిలి షెడ్డు
మీరు పని తెలిసినవారు, కాదనను. ఓవర్‌లోడుకి చిట్లిన ఛాసిస్ అయితే మీరు చెప్పినట్టు ఛానెల్ వేస్తే నిలుస్తుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న ఇనుము మంచిదే. తుప్పు చిట్లు వేరు. ఇప్పటికే ఒకసారి పలక వేశారు, దాని అంచునే మళ్లీ గీత వచ్చింది. అంటే వెల్డింగ్ పట్టుకోవడానికి పక్కన ఆరోగ్యంగా ఉన్న ఇనుము లేదు. పైకి ఒక చోట కనబడింది, మూసి ఉన్న చోట్ల లోపల ఎంత తిన్నదో ఎలా తెలుస్తుంది? ఇంజిన్ పోతే దింపి బోరు చేయించొచ్చు, గేరు బాక్సు పోతే ఇంకోటి తెచ్చి ఎక్కించొచ్చు, బోల్టులు విప్పి మార్చగలిగినవన్నీ డబ్బుతో తేలిపోతాయి. ఇవన్నీ దేనికి బిగిస్తామో అదే తినేసిన బండికి ఏం చేసినా తాత్కాలికమే. ఘాట్ మలుపులో లోడు అంతా ఒకవైపు వాలినప్పుడు ఆ బ్రాకెట్ ఊడితే వెనక ఇరుసు పక్కకి జరిగిపోతుంది. నేనైతే ఫ్రీగా ఇచ్చినా ఆ పని ఒప్పుకోను.

బరంపురం బాడీ షాపు
ఒకసారి వేసిన పలక పక్కనే గీత అన్న మాట నేను సరిగా చదవలేదు. అలా అయితే వద్దు. ఊళ్లో చేపల కోసం మాత్రమే తిరిగే బండికి వేరు, ఘాట్ బండికి వేరు.

సాలూరు ఘాట్ డ్రైవర్
వద్దు తమ్ముడూ. కోరాపుట్ బండి చూడు.

రాయగడ సంత
కోరాపుట్ కూడా అయింది. మా బావమరిదికి తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాను. చలి బాగా ఉంది, రెండో సెల్ఫ్‌కి అందుకుంది, కాసేపు తెల్లపొగ వచ్చి ఆగింది. మూత కదిలింది, పడలేదు. రేడియేటర్‌లో తుప్పు నీళ్లు ఉన్నాయి, నూనె లేదు, బుడగలు లేవు, హోసు కూడా మెత్తగానే ఉంది. పంపు మెకానికల్‌దే. ఛాసిస్ మొత్తం సుత్తితో కొట్టుకుంటూ వెళ్లాం, మట్టి, గ్రీజు పట్టి అసహ్యంగా ఉంది గానీ ఎక్కడా మూగ శబ్దం లేదు, వెల్డింగ్ లేదు, రివెట్లు గట్టిగా ఉన్నాయి. వెనక కట్టల్లో రెండు పట్టీలు అదనంగా వేశారు. కుడివైపు మెయిన్ పట్టీ కింది పట్టీ విరిగి ఉంది.

ఘాట్‌కి తీసుకెళ్లాం, పది పన్నెండు బస్తాల సిమెంటు వేసుకుని. ఎక్కేటప్పుడు క్లచ్ జారింది, వాసన వచ్చింది. దిగేటప్పుడు గేరు ఎగరలేదు, మూడు సార్లు కాలు తీసి చూశాం. హౌసింగ్ కూస్తోంది, లాగేటప్పుడు మాత్రమే. బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగుతోంది. మెకానిక్ ఏమో కొనొచ్చు అంటాడు, నాకు ఈ లిస్టు చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి షెడ్డు
నువ్వు చెప్పిన లిస్టులో నన్ను భయపెట్టేది హౌసింగ్ ఒక్కటే. మిగతావన్నీ రోజు పనులు. క్లచ్ సెట్టు మొత్తం మార్చు, ప్లేటు ఒక్కటే వెయ్యొద్దు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి. గేరు బాక్సు దింపినప్పుడు ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, చిట్లు ఉన్నాయేమో చూసి అవసరమైతే లేత్ పట్టించు. బ్రేకు ఎడమకి లాగడమంటే కుడివైపు బ్రేకు పట్టట్లేదని, అటువైపు బ్రేకు జామ్ అయి ఉంటుంది లేదా దానికి ఆయిల్ తగిలి ఉంటుంది. చక్రాలు నాలుగూ విప్పించు, ఒకటి విప్పి ఆపొద్దు.

హౌసింగ్ ఆయిల్ ప్లగ్గు విప్పి, కారే ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది చూడు. మెత్తటి బూడిద లాంటి పొడి ఉంటే వయసు అరుగుదల, ఆయిల్ మార్చి కొన్నాళ్లు నడుపుకోవచ్చు. వేలికి గుచ్చుకునే ముక్కలు వస్తే పళ్లు పోతున్నాయి, క్రౌన్ పినియన్ సెట్టు ఖర్చు మొత్తం ధరలోంచి తీసెయ్యి. ఇది కొనే ముందే చూడాలి, అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే సమాధానం.

సాలూరు ఘాట్ డ్రైవర్
అదనపు పట్టీల గురించి చెప్తాను. అవి ఉన్నాయంటే పాసింగ్‌కి (సీ బుక్‌లో రాసిన బరువుకి) మించి వేశారనే. ఛాసిస్ తట్టుకుంది, మంచిదే. నువ్వు మాత్రం ఆ పట్టీలు ఉన్నాయి కదా అని వెయ్యొద్దు. కట్టలు మోస్తాయి గానీ బ్రేకులు కంపెనీ లెక్క ప్రకారమే ఉంటాయి, వాటికి ఎవరూ అదనంగా ఏమీ వెయ్యరు. గ్రాస్ వెయిట్‌లోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేదే నీ లోడు. దాటితే 2019 సవరణ తర్వాత జరిమానా ఇరవై వేలు, ఆపైన అదనపు టన్నుకి రెండు వేలు చొప్పున. అల్లం బస్తాలు తడిసి ఉంటే బరువు కళ్లకి తెలీదు, కాటా వేయించుకునే ఎక్కు. కట్టలు రెండు వైపులా ఒకేలా చేయించు, ఒకవైపు కొత్త పట్టీ, ఒకవైపు పాతది అయితే బండి పక్కకి నడుస్తుంది. యూ బోల్టులు, సెంటర్ బోల్టు కొత్తవి వేయించు, కొంత లోడు తిరిగాక మళ్లీ బిగించాలి.

జయపురం పంపు పని
మెకానికల్ పంపు అన్నారు కాబట్టి నాజిల్స్ నాలుగూ తీయించి ప్రెషర్ చూపించండి, తెల్లపొగ దాంతో తగ్గే అవకాశం ఎక్కువ. అప్పుడే కంప్రెషన్ కూడా చూడమనండి. అంకె ఎంత వచ్చిందని కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా చూడండి. ఒకటి మాత్రం మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే అక్కడ వాల్వు గానీ రింగులు గానీ.

పర్లాకిమిడి కాగితాలు
పాత ఇన్సూరెన్స్ పాలసీ ఫుల్ పాలసీ అయితే అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) ఎంత ఇచ్చారో చూడండి. అన్నేళ్ల బండికి సున్నా ఉంటే ఈ మధ్య ఏదో క్లెయిమ్ అయి ఉండొచ్చు, ఎందుకని అడగండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుని సీ బుక్‌తో ఒక్కో అక్షరం పోల్చండి.

రాయగడ సంత
హౌసింగ్ ఆయిల్ విప్పించాం. ఓనరు ముందు గొణిగాడు, తర్వాత వాళ్ల మనిషే పానా తెచ్చాడు. బూడిద పొడి ఉంది, ముక్కలు లేవు. నాజిల్స్ ఒకటి ప్రెషర్ తక్కువ చూపించింది, కంప్రెషన్ నాలుగూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఛాసిస్ నంబరు సరిపోయింది. స్టేషన్లో అడిగాను, నంబరు మీద కేసులేమీ లేవన్నారు. క్లచ్, కట్టలు, బ్రేకులు, నాజిల్ లెక్క రాసి చూపిస్తే మూడు లక్షల అరవై నుంచి రెండు లక్షల తొంభై ఐదుకి దిగాడు. ఒక చలాను ఉంది, అది తనే కడతానన్నాడు. ఇంట్లో ఇంకా ఆ మెరిసే బండి మీదే మనసు ఉంది, ఆ పెచ్చు ఫోటో చూపించాక నాన్న ఏమీ అనలేదు. ఇప్పుడు డబ్బు ఎలా ఇవ్వాలి, మొత్తం ఒకేసారా?

పర్లాకిమిడి కాగితాలు
వద్దు. కొంత అడ్వాన్సు బ్యాంకు ద్వారా, తెల్లకాగితం మీద బండి నంబరు, ఛాసిస్ నంబరు, ధర, చలాను ఎవరు కట్టాలో రాసి ఇద్దరూ సంతకాలు. చలాను కట్టిన రసీదు చూశాక, ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద ఓనరు సంతకం అయ్యాక మిగతాది. బండి తీసుకున్న తేదీ, టైము కూడా రాయించుకోండి, ఆ నిమిషం ముందు జరిగినవి ఆయనవి, తర్వాతవి మీవి. ముప్పై రోజుల్లోపు పేరు మార్పిడికి పెట్టాలి, ఇన్సూరెన్స్ పేరు మార్పిడికి పద్నాలుగు రోజులే, కాబట్టి రెండూ ఒకేరోజు మొదలుపెట్టండి.

సాలూరు ఘాట్ డ్రైవర్
రాయగడ తీసుకెళ్లే ముందు కోరాపుట్‌లోనే బ్రేకులు చేయించు. లక్ష్మీపూర్ దారి దిగుడు ఉంది, ఎడమకి లాగే బండితో అటు దిగొద్దు. క్లచ్ ఇంటికెళ్లి మార్చుకోవచ్చు, ఖాళీగా వెళ్తే తట్టుకుంటుంది.

రాయగడ సంత
అలాగే అన్నా. బ్రేకుల పని సోమవారం కోరాపుట్‌లోనే పెట్టిస్తున్నాను, చక్రాలు నాలుగూ. విప్పాక ఏం కనబడిందో ఇక్కడే రాస్తాను.